ఉడికినా పోనిది

మహారాష్ట్రలోని సిరొంచ బజారులో ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్న ఆగమ్మకు మనవరాలు దీపాలి అంటే ప్రాణం. ఆ నాలుగేళ్ల పిల్ల చేప తింటే పెదవులు ఉబ్బుతున్నాయని కోడలు నిఖిత రెండుసార్లు చెప్పింది. ఆగమ్మ నమ్మలేదు.

"చాపలు పట్టెటోళ్ల ఇంట్ల పుట్టిన పిల్లకు చాప పడకపోవుడేంది? మీరు సరిగ ఉడికిస్తలేరు," అంది.

ఒక ఆదివారం పొద్దున నిఖిత బట్టలుతకడానికి బోరింగు దగ్గరికి పోయింది. ఆగమ్మ రవ్వచేపను గంటసేపు ఉడికించి, ముల్లూ ముక్కా తీసేసి, ఉత్త పులుసే అన్నంలో కలిపి పెట్టింది. మూడో ముద్దకు దీపాలి తల తిప్పేసుకుని గొంతు గీరుకుంది. కాసేపటికే ముఖమంతా దద్దుర్లు లేచి కళ్లు మూసుకుపోయాయి. ఊపిరి ఈలలా వినబడసాగింది.

ఆగమ్మ కేక విని నిఖిత తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది. పక్కింటి గంగయ్య ఆటోలో పిల్లను దవాఖానకు తీసుకుపోయారు.

ఏం తిన్నదని డాక్టరు ప్రతిభ మరాఠీలో అడిగింది. చాయ్, బిస్కెట్ తప్ప ఏమీ తినలేదని నిఖిత చెప్పింది.

ఆగమ్మ చేతులు కొంగులో దాచుకుంది. వేళ్లకు ఇంకా పులుసు వాసన ఉంది. పిల్ల పెదవులు నీలంగా మారుతున్నాయి.

"చాప పులుసు నేనే పెట్టిన బాయీ," అంది.

డాక్టరు వెంటనే పిల్ల తొడకు సూది వేసింది. కొంతసేపటికి ఊపిరి తేలికైంది. తర్వాత డాక్టరు చెప్పిందంతా నిఖిత అత్త మొహం చూడకుండానే తెలుగులో చెప్పింది.

"చాప కండల కాల్షియంను పట్టుకునే ప్రొటీన్ ఒకటి ఉంటదట. దీపాలి ఒంటికి అదే పడదట. ఎంత ఉడికించినా పోదట. పులుసులకు గూడ దిగుతదట. ఉడికేటప్పుడు ఆవిరి పీల్చినా మళ్ల గిట్లనే కావచ్చట."

అప్పుడు అత్త వైపు తిరిగి, "ఆటోల ఎందుకు చెప్పలే, అత్తా?" అంది.

ఆగమ్మ కొంగుతో వేళ్లను తుడుచుకుంటూనే ఉంది.

ఆ ఇంట్లో చేపలు వండడం మానేశారు. కొడుకు అంజి వలలను నది ఒడ్డు గుడిసెకు మార్చాడు. ఆగమ్మ బేరం మానలేదు, ఆమెకు వేరే పని రాదు. బజారు నుంచి వచ్చి పెరట్లో స్నానం చేశాకే లోపలికి అడుగుపెడుతుంది.

దీపాలి మాత్రం ఆగదు. గొంతు వినబడగానే "బాపమ్మా" అని ఉరుకుతుంది.

"ఆడనే ఉండు బిడ్డా, నన్ను ముట్టకు," అంటూ ఆగమ్మ వెనక్కి జరుగుతుంది.

నిఖిత వచ్చి పిల్లను ఎత్తుకుంటుంది. అత్తతో ఇప్పుడు మాట్లాడుతోంది గానీ, పిల్లను ఆమె దగ్గర ఒక్కదాన్నే వదలడం లేదు.