మందుల బీరువా తాళంచెవి

నేను ఒక ఇత్తడి తాళంచెవిని. బందరులో ఒక ముసలాయన ఆకురాయితో నా పళ్లు దిద్దాడు. మిషన్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే ఇంజెక్షన్ల బీరువాకు నన్ను కొన్నారు. మనుషులు విచిత్రమైనవాళ్లు. ప్రమాదకరమైన మందుకు తాళం వేసి, ఆ చెవిని రోగుల మూలుగులు రోజంతా వినే మనిషి నడుముకే కడతారు. ముగ్గురు హెడ్ నర్సుల తర్వాత దీవెనమ్మ దగ్గరికొచ్చాను.

ఆ ఏడు ఆమె భర్త జకర్యా అదే వార్డులో మంచం పట్టాడు. ఎముకల్లో క్యాన్సర్. పక్కకు తిప్పినా కేక పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాలుగు సూదులు ఒక్కసారే పొడిచెయ్యవే. నీ కాళ్లు పట్టుకుంటా. ఎవురికీ తెలవదు."

"అట్టా అనమాకయ్యా," అంది దీవెనమ్మ. అంటూనే బీరువా దగ్గరికొచ్చి నన్ను తిప్పింది. నాలుగు సీసాలు అరచేతిలోకి తీసుకుంది. ఆమె పెదవులు అలవాటుగా ప్రభువు ప్రార్థన మొదలుపెట్టాయి. 'మమ్మును శోధనలోకి తేక' అనే చోట ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే.

రోగులను చూడడానికి వచ్చిన పాస్టరు ఏసోబు గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమె అరచెయ్యి చాపింది.

"దేవుడే నన్నిక్కడికి తెచ్చాడా అయ్యగారూ? పరీక్ష పెడతన్నాడా?"

"పరీక్ష పెట్టేవాడు నువ్వు నిలబడాలని పెడతాడమ్మా. పడెయ్యాలని చూసేవాడు వేరు. మనకేమో రెంటికీ ఒకటే మాట, శోధన. ఏది ఏదో తెలవకపోయినా, 'నాకంత బలం లేదు, నన్నటు పోనియ్యమాకు' అనొచ్చు. ఆ ప్రార్థన అదే."

ఆమె సీసాలు లోపల పెట్టి, తాళం వేసి, నన్ను ఆయన చేతిలో కుక్కింది.

"నాకు బలం లేదు. ఇది నా దగ్గరుంచమాకండి."

ఏసోబు నన్ను డాక్టరు చేతికిచ్చాడు. ఆయన మందు కొంచెం పెంచాడు. నొప్పి కొంచెమే తగ్గింది. జకర్యా రెండు రోజులు ఆమె మొహం చూడలేదు. మూడో రోజు ఆమె చేత్తో గంజి తాగి ఏడ్చాడు. పదకొండో రోజు, ఆమె ఒడిలో తలపెట్టుకునే పోయాడు. కేకలు చివరిదాకా ఆగలేదు.

ఆమె మళ్లీ పనిలో చేరినప్పుడు ఏసోబు నన్ను డాక్టరు దగ్గర్నుంచి తెచ్చి ఇవ్వబోయాడు. దీవెనమ్మ చెయ్యి చాపలేదు.

"ఇంకో తాళం కూడా వేయించండయ్యగారూ. దాని చెవి వేరే నర్సు దగ్గరుండాలి. ఇద్దరం కలిస్తేనే తెరుచుకోవాలి."

"నీ మీద నీకు నమ్మకం లేదా అమ్మా?"

"లేదు. ఆ ప్రార్థనలో 'నన్ను' అని లేదుగదా, 'మమ్మును' అనేగా ఉంది."

వార్డులో ఎవరో కేక పెట్టారు. ఆమె అటు పరుగెత్తింది.