నా గొంతుతో తీసేసిన ఉద్యోగాలు

పై అంతస్తులో ఉండే వ్యాన్ డ్రైవరు తలుపు కొట్టాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నన్ను పనిలోంచి తీసేసింది నువ్వేనా?" అని అడిగాడు.

నేను నవ్వాను. ఎవరైనా నవ్వుతారు. ఒకరిని పనిలో పెట్టడానికీ తీసేయడానికీ నేనేమైనా యజమానినా? సినిమాలకు డబ్బింగ్ చెప్పుకుని బతికే మనిషిని. అతను మాత్రం నవ్వలేదు. ఫోన్ తీసి, రికార్డయిన కాల్ ఒకటి వినిపించాడు.

"నమస్కారం. రేపటి నుంచి మీరు విధులకు రావలసిన అవసరం లేదు. ఇంతకాలం మీరు అందించిన సేవలకు ధన్యవాదాలు."

నా గొంతే. 'ధన్యవాదాలు' దగ్గర నేను కాస్త మెత్తబడతాను, ఆ మెత్తదనం కూడా అలాగే ఉంది. డ్రైవరు పాపం, "ఎవరండీ మాట్లాడేది? ఎవరు మీరు?" అని అరుస్తున్నాడు. ఆ గొంతు ఎంతో మర్యాదగా నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, "టేక్ మూడు" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

మా పనిలో ఒక అలవాటుంది. మైకు ముందు నిలబడగానే మా పేరూ, అది ఎన్నో టేకో చెప్పి, ఆ తర్వాతే అసలు వాక్యం చదువుతాం. ఎడిటింగులో ఆ ముక్క కోసేస్తారు. కొన్నేళ్ల కిందట ఒక ఫోన్ కంపెనీకి "మీరు కాల్ చేస్తున్న నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" లాంటి ప్రకటనలు చదివిచ్చాను. తర్వాత తెలిసిందేమిటంటే, కంపెనీవాళ్లు ఆ రికార్డింగులన్నీ కోయకుండా, వినకుండా, ఊడ్చుకెళ్లి యంత్రానికి మేపారు. అది నా గొంతు నేర్చుకుంది. ఎవరని అడిగితే పేరు చెప్పడం కూడా నేర్చుకుంది. వాళ్లకు లేని మర్యాద దానికి అబ్బిందన్నమాట. ఇప్పుడు ఆ గొంతుతో కాల్స్ చేసిపెట్టే సేవ అమ్ముతున్నారు. పనివాళ్లను తీసేసి, ఆ మాట చెప్పడానికి ముఖం చాటేసే యజమానులంతా కొనుక్కుంటున్నారు.

"నిన్ను తిట్టని తిట్టు లేదక్కా," అన్నాడు డ్రైవరు తల దించుకుని.

"తిట్టావుగా, మంచిపని చేశావు. ఈసారి అడ్రసు కనుక్కుని తిడదాం," అన్నాను. పైకి అలా అన్నానే గాని, మనసులో లెక్క మొదలైంది. ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఈ గొంతు విని కూలబడిపోయారో!

మా వదిన లాయరు. నాకు 'లౌడ్ స్పీకర్' అని పేరు పెట్టింది కూడా ఆవిడే. పాత ఒప్పందం ముందుకు లాక్కుని, "ప్రకటనలకు మాత్రమే వాడాలని ఉంది. బతికిపోయావ్. చదివే సంతకం పెట్టావా?" అంది.

"చదవలేదు."

"మరి రోజంతా చదివే ఉద్యోగం ఎలా చేస్తున్నావమ్మా?"

కేసు వేశాం. ఆ గొంతు నాది కాదనీ, యంత్రం పుట్టించిందనీ, ఎవరిదీ కాదనీ కంపెనీ జవాబిచ్చింది. కోర్టు మమ్మల్ని రాజీ ప్రయత్నానికి పంపింది. పొడవాటి బల్ల, ఏసీ చలి, ఒక చివర రిటైరైన జడ్జిగారు. మధ్యవర్తి ఆయనే. వదిన డ్రైవరు రికార్డింగు వినిపించింది.

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎవరిదీ కాని గొంతుకి ఇంటిపేరు ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

కంపెనీ తరఫున వచ్చిన అధికారి లేచాడు. బయటికెళ్లి ఎవరితోనో మాట్లాడి, తిరిగొచ్చేసరికి మహా మెత్తగా మారిపోయాడు. నా గొంతు పూర్తిగా తీసేస్తారట. పరిహారం కూడా ఇస్తారట. బదులుగా ఈ సంగతి నేను ఎక్కడా ఎత్తకూడదు, డ్రైవరు రికార్డింగు చెరిపేయాలి.

వదిన నా చెవిలో అంది, "ఒప్పేసుకో. నువ్వు అడిగింది ఇదేగా. లేదంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా నీకు పని ఎవరిస్తారు?"

నిజమే. కేసు వేసిన దగ్గర్నుంచి స్టూడియోలవాళ్లు నా ఫోన్ ఎత్తడం తగ్గించారు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది కూడా. నా గొంతు వింటే ఇక ఎవరి గుండే జారిపోదు. పెన్ను అందుకున్నాను.

"అయితే ఆ కాల్స్ ఇక ఆగిపోతాయిగా?" అన్నాను మాటవరసకు.

"ఎందుకాగుతాయి?" అన్నాడు అధికారి. "వేరే అమ్మాయి గొంతు తీసుకున్నాం. మీలా పేచీ పెట్టే రకం కాదు."

"దేనికి వాడతారో ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలియకేం? సంతోషంగా సంతకం పెట్టింది. కావాలంటే మీరే అడగండి." అంత ధీమా! తన ఫోన్‌లోంచే కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మధ్యలోకి తోశాడు.

"హలో?" అంది అవతలి అమ్మాయి. లేత గొంతు, తేటగా ఉంది.

నేను ఫోన్ మీదికి వంగాను. "నమస్కారమమ్మా. నేను..."

నా మాట పూర్తి కాకుండానే అవతలి గొంతు వణికింది.

"మళ్లీ మీరేనా? బట్టల షాపులోంచి తీసేసినప్పుడు కూడా మీరే చేశారు. ఇందులో చేరి వారం కూడా కాలేదు కదండీ! బాగానే చదువుతున్నానన్నారే. పిల్లల కథలకని చెప్పారు, ఏ కథ ఇచ్చినా చదువుతానండీ. నేనేం తప్పు చేశాను?"

అధికారి కాల్ కట్ చేయబోయాడు. నేను ఫోన్‌ను నా వైపు లాక్కున్నాను. "వద్దు, వినండి," అన్నారు జడ్జిగారు అతనితో.

"అమ్మా, నేను యంత్రాన్ని కాదు, మనిషిని. నిన్నెవరూ తీసేయలేదు. నా మాట నమ్ము."

"ఎలా నమ్మనండీ?" అంటూ ఏడ్చేసింది ఆ పిల్ల. "అప్పుడూ ఇంతే మెత్తగా మాట్లాడారు."

ఆ మెత్తదనం కోసం నేనెంత సాధన చేశానో నాకు తెలుసు. ఇంతవరకూ ఒప్పుకో ఒప్పుకో అన్న వదిన, నా చేతిలోని పెన్ను తీసుకుని బ్యాగులో వేసేసింది. ఫోన్ దగ్గరికి వంగి, "నేను లాయర్ని, తల్లీ. ఎక్కడుంటావో చెప్పు. ఇద్దరం వస్తున్నాం. మా ముఖాలు చూసి నమ్ముదువుగాని," అంది.

ఆ అమ్మాయి వెక్కుతూనే వీధి పేరు చెప్పింది. నేను లేచాను.

"మేడమ్, మరి రాజీ సంగతి?" అన్నాడు అధికారి.

అతని కుర్చీ దగ్గరికి వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "నేను మీలా ఫోన్ చేయించను. చెప్పాల్సింది ముఖం మీదే చెబుతాను. రాజీ లేదు."