గిద్దలూరు చేరని పాట

సుబ్బులమ్మ పాట నేర్పే తీరు వేరు. ఒక చరణం పాడి ఆగేది. ఎదుటి మనిషి దాన్ని తప్పు లేకుండా తిరిగి పాడితేనే రెండో చరణం. కొడుకు కూతురు ఉషారాణి చిన్నప్పుడు కొనకనమిట్లలో, అవ్వ పక్కన ఆముదాలు ఒలుస్తూ, అప్పగింతల పాట అలాగే సగం నేర్చుకుంది. ఒక్క మాట జారినా అవ్వ చేతిలోని కాయ పక్కన పెట్టి చూసేది. ఆ చూపు గుర్తొస్తే ఉషారాణికి ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత కాలేజీ చదువు, మార్కాపురంలో నాయన రంగయ్య పెట్టిన వీడియో స్టూడియో పని. మిగతా సగానికి తీరిక దొరకలేదు. మొన్న మాఘమాసంలో కెమెరా పట్టుకుపోయి, అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి పాటంతా ఒకే బిగిన పాడించింది.

"నువ్వు తిరిగి చెప్పకుండా నేనెట్ల ముందుకు పోయేదే?" అంది అవ్వ.

"మిషన్ పట్టుకుంటాదిలే అవ్వా."

స్టూడియోలో తీసినవన్నీ రెండు చోట్ల ఉండాలి. మార్కాపురం డిస్కుల్లో ఒకటి, గిద్దలూరు బ్రాంచిలో దాని నకలు. మొదట్లో ఇక్కడ సేవ్ చేసిన ప్రతి ముక్కా గిద్దలూరు చేరి, అందిందని అక్కడినుంచి కబురొస్తే గానీ పని కదిలేది కాదు. నెట్ నీరసంగా ఉన్న రోజు తెర మీద సున్నా తిరుగుతూనే ఉండేది. ముహూర్తాల రోజుల్లో పెళ్లివాళ్లు దుకాణం ముందు కాపు కాస్తుంటే అన్న మహేష్ వేగలేకపోయాడు.

"ఈడ పని కానీమ్మా. గిద్దలూరుకు రాత్రిపూట తీరిగ్గా పోతాది" అన్నాడు. ఉషారాణి అట్లాగే మార్చింది. పని పరుగెత్తింది. అవ్వ పాటనూ డిస్కులోకి ఎక్కించి, కెమెరా కార్డు ఖాళీ చేసి ఇంకో పెళ్లికి పట్టుకుపోయారు.

రంగయ్యది క్యాసెట్ల కాలం. మూడు గంటల పెళ్లిని ఇంకో క్యాసెట్టుకు ఎక్కించాలంటే మూడు గంటలూ కూర్చోవాల్సిందే. కూతుర్ని ఒళ్లో పెట్టుకుని, టీ తాగుతూ, ఊళ్లో పెళ్లిళ్లన్నీ రెండోసారి చూసేవాడు. ఆ రోజుల్లోనే పక్క దుకాణంలో వైర్లు కాలాయి. అప్పటినుంచి తాళం వేసేముందు మెయిన్ స్విచ్ దించనిదే ఆయనకు నిద్ర పట్టదు.

స్విచ్ దించిన దుకాణంలో మిషన్లు నడవక, రాత్రిపూట గిద్దలూరుకు పోవాల్సింది ఏ రాత్రీ పోలేదు. ఎవరూ చూసుకోలేదు.

ఉగాదికి ముందే అవ్వ పోయింది. దినాలు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం పిడుగు పడి స్టూడియో డిస్కులు కాలిపోయాయి. పెళ్లివాళ్ల వీడియోలు అప్పటికే పెన్‌డ్రైవుల్లో వాళ్ల ఇళ్లకు చేరాయి. అవ్వ పాట ఒక్కటే ఎక్కడా లేదు.

"స్విచ్ దించింది నేనే కదమ్మా" అన్నాడు రంగయ్య.

"దించొద్దని నీకు చెప్పంది నేను, నాయనా."

మహేష్ ఎవరూ అడగకుండానే గిద్దలూరు లైను పాత పద్ధతికి మార్చాడు. సున్నా తిరుగుతుంటే ఈసారి విసుక్కోలేదు.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక, అరుగు మీద కూర్చున్న చుట్టాలు ముసలామె పాట పెట్టమన్నారు. ఉషారాణి ఫోన్ తీయలేదు. ఒక చరణం పాడి ఆగింది.

ఆ ఆగిన తీరుకు రంగయ్య తలెత్తాడు. ఎన్నడూ నలుగురిలో నోరు విప్పి పాడని మనిషి, గొంతు సవరించుకుని ఆ చరణం తిరిగి పాడాడు. ఒక మాట జారింది. ఉషారాణి చేతిలోని చెంబు పక్కన పెట్టి ఆయన వంక చూసింది. రంగయ్య చిన్నగా నవ్వి, సరిచేసుకుని పాడాడు. అట్లా చరణం వెంట చరణం వచ్చి, సగం దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఇంతవరకే నాయనా."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఇదన్నా తప్పు లేకుండా రానీ. మొదటినుంచి చెప్పు."