మద్దమ్మ మేడ

కువైట్‌లో సాయం కావాల్సిన మనోళ్లను తెలుగు కమిటీవాళ్లు శుక్రవారం మధ్యాహ్నం పిలుస్తారు. మిర్కాబ్‌లో నాగేంద్రప్రసాద్ కార్గో షాపు వెనక గది. బల్లకు అవతల ఏసీ కింద కమిటీ, ఇవతల అడుక్కునేవాళ్లు. అడుక్కునేవాళ్లు అనకూడదట, లబ్ధిదారులు అనాలట. ఏమని పిలిచినా నిలబడేది మాత్రం వాళ్లే.

ఆ రోజు మద్దమ్మ పొత్తికడుపు పట్టుకొని నిలబడింది. గర్భసంచిలో గడ్డ. వెంటనే తీసేయాలన్నాడు డాక్టరు. సబా అల్ సలేంలో ఆమె పనిచేసే ఇంటి అరబ్బు యజమానురాలు, అందరూ పిలిచే 'మామా' అయితే, "ఇండియాకు పోయి కోయించుకో, మళ్లీ రావద్దు, ఖలాస్" అని తేల్చేసింది. ఇక్కడి ఆస్పత్రికి కట్టాలంటే ఇక దిక్కు కమిటీనే. కమిటీకి ఒక రూలు ఉంది. ఆస్తి ఉన్నవాళ్లకు సాయం లేదు. ఉన్నదేమిటో లేనిదేమిటో అందరి ముందరా విప్పి చెప్పుకోవాల.

"బ్యాంకులో ఏమన్నా దాచినావామ్మా?" కోశాధికారి రామసుబ్బయ్య అడిగినాడు.

"జీతం వచ్చిన రోజే ఇంటికి పంపిస్తా సామీ. దాచేదానికి ఏముంటాది?"

"చెవులకు మెరుస్తాండాదే?"

"గిల్టువి సామీ. అసలువి మేడకే పోయినాయి."

"అద్దీ! మేడ సంగతి చెప్పు." కుర్చీలో వెనక్కి వాలినాడు అధ్యక్షుడు నాగేంద్రప్రసాద్. "మీ ఊరు చిట్వేలిలో గృహప్రవేశానికి పోయి ఓళిగలు తిని వచ్చినోణ్ణే నేను. ముందర ఇంతింత అక్షరాలు, 'మద్దమ్మ నిలయం' అని. మేడ పెట్టుకొని ధర్మం అడిగేదానికి వచ్చినావా తల్లీ?"

గదిలో నవ్వులు.

"గోడ మీద పేరు నాది సామీ. పత్రంలో పేరు మా మరిదిది."

అది అబద్ధం కాదు. స్థలం రిజిస్ట్రేషన్ రోజుకు మామా సెలవు ఇయ్యలేదు. మొగుడు అప్పటికే చచ్చిపోయినాడు. "నీ పేరైతే ఏమి, నా పేరైతే ఏమి వదినా" అని మరిది ఓబులేసు పోయి సంతకం పెట్టినాడు. ఈడ బాత్రూములు కడిగే ఆడది దుడ్డు పంపిస్తాది, ఆడ రిజిస్ట్రారు ముందర కూర్చున్నోడు ఓనరు అవుతాడు. ఇట్లాంటి మేడలు మన పక్క వీధికొకటి ఉండాయి. చెప్పుకోరు, అంతే.

మద్దమ్మ కూడా ఎవరికీ చెప్పుకోలేదు. సెలవురోజు నలుగురు ఆడోళ్లు కూడితే చాలు, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంటికి కొట్టేది. అటువైపు వాళ్లకు తెలుసు, పక్కన జనం ఉండారని. "వదినా, నీ మేడకు రంగులు ఏపిస్తాండాం" అని ఓబులేసు గొంతు పెంచేవాడు. జనం లేచిపోయినాక గొంతు తగ్గించి, రంగులకు దుడ్డు అడిగేవాడు. అదొక మర్యాద. కువైట్ ఇళ్లల్లో అందరూ పాటించేదే.

తోడుగా వచ్చిన జమీలా బీ ఆమెను పొడిచింది. "ఏమ్మే, వానికి ఫోన్ కొట్టు. ఇల్లు ఎవరిదో వాని నోటితోనే చెప్పిచ్చు."

మద్దమ్మ కొట్టింది. స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టింది.

"ఓబులేసూ, ఈడ కమిటీ పెద్దోళ్లు ఉండారు నాయనా. మన మేడ ఎవరిదో చెప్పు."

పెద్దోళ్లు అనే మాట వినపడంగానే ఆ గొంతు పొంగింది. "ఎవరిదేంది వదినా, అట్ల అడుగుతావు? నీదే! పైనుంచి కిందిదాకా నీ కష్టమే. మేము కావలి కాసేటోళ్లం. పెద్దోళ్లకు నా నమస్కారాలు!"

రామసుబ్బయ్య పెన్నుకు మూత పెట్టినాడు. "అయిపాయ."

"నీ నోట్లో మన్ను పొయ్యా!" ఫోన్ వైపు చూసి నెత్తి కొట్టుకుంది జమీలా బీ. "మర్యాద చేసేదానికి ఈ పొద్దే దొరికిందా?"

మద్దమ్మకు ఆ మాట ఒక్క క్షణం తియ్యగానే తగిలింది. అలవాటు మరి. కడుపులో మెలిపెట్టేసరికి ఒళ్లు తెలిసింది.

"నాదే కదా? అందరూ విన్నారు. అయితే బేరం పెట్టు నాయనా. అమ్మి దుడ్డు పంపీ, నేను ఆపరేషన్ చేపించుకోవాల."

ఫోన్‌లో గొంతు తగ్గింది.

"వదినా... స్పీకర్ తీసెయ్."

"తీయను. చెప్పు."

"అమ్మేదేంది వదినా? పత్రం నా పేరు మీద ఉండాది. నా పెండ్లాం బిడ్డలు యాడికి పోవాల?"

నాగేంద్రప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"సరే. ఆస్తి లేదని తేలింది, సాయం ఇస్తాం. అయితే రేపు ఎవడన్నా ఆ మేడ ఫొటో పెట్టి, చూడండి కమిటీ డబ్బు ఎవరికి పోయిందో అంటే మాకు అప్రతిష్ఠ. ఇల్లు నాది కాదు, ఇక మీద ఎప్పుడూ హక్కు అడగను అని రామసుబ్బయ్య రాస్తాడు, వేలిముద్ర వెయ్యి."

ఫోన్ ఇంకా ఆరలేదు. అందులోంచే ఓబులేసు, "అన్నా, ఆ కాయితం నాకూ ఒకటి వాట్సాప్‌లో పెట్టండన్నా" అన్నాడు.

మద్దమ్మ పేదదని కమిటీ నమ్మాలంటే, ముందు తన చేతుల మీదుగానే ఆమెను పేదదాన్ని చేయాల. పద్ధతి ప్రకారం, పెద్దమనుషుల సాక్షిగా.

"వెయ్యొద్దు మ్మే! అంతా నీ రెక్కల కష్టం." జమీలా బీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేడ ఉంటే ఈ నొప్పి తగ్గుతాదా జమీలా? ఇడ్సు." మద్దమ్మ స్టాంపు ప్యాడ్ పక్కకు తోసేసింది. "వేలిముద్ర ఎందుకు సామీ, సంతకం వచ్చు నాకు."

అక్షరం అక్షరం పెట్టింది. రామసుబ్బయ్య కాయితం లాక్కొని ఫొటో తీసి ఓబులేసుకు పంపించినాడు. అటునుంచి ఫోన్ ఆరిపోయింది.

అప్పుడు నాగేంద్రప్రసాద్ లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చినాడు. దుడ్డు కవరు ఒక కొస తాను పట్టుకొని, రెండో కొస ఆమెకు అందించినాడు. ముందర రామసుబ్బయ్య సెల్‌ఫోన్ ఎత్తినాడు.

"కాస్త నవ్వమ్మా. గ్రూపులో పెట్టాల."

మద్దమ్మ కవరు లాగింది. రాలేదు.

"ఇడ్సు సామీ. సంతకం పెట్టినా కదా."

"ఉండు తల్లీ, నువ్వు కండ్లు మూసినావంట. ఇంకొకటి తీస్తాండాడు."