ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ

అగళిలో మొగుడు ఇంకొకతెను తెచ్చుకున్నాక రామక్క పెట్టె ఎత్తుకుని ధర్మవరంలో పుట్టింటికి వచ్చేసింది. కూతుర్ని చూసి పుల్లయ్య తన మగ్గం గుంతలోంచి లేవనైనా లేవలేదు.

"ఉంటే ఉండు. ఊరికే కూచున్నోళ్ళకు ఈ ఇంట్లో కూడు లేదు. మీయమ్మ పొయినప్పట్నుంచి కండెలు అందిచ్చే దిక్కు లేక తమ్ముని మగ్గం ఆగుండాది. ఆ పని చెయ్యి. వాడు మగ్గం వదిలిన నాడు నీకూ ఈడ పని లేదు. మళ్ళా అగళి బస్సెక్కు" అన్నాడు.

తమ్ముడు హనుమంతరాయుడు హిందూపురం కాలేజీలో బి.ఎస్సీ. చదివాడు. ఆ వీధిలో డిగ్రీ దాకా పోయినవాడు అతనొక్కడే. ఉద్యోగం దొరికేదాకా తండ్రి మాట కాదనలేక మగ్గం మీద కూచుంటున్నాడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి సంవత్సరమది.

వచ్చిన కొన్నాళ్ళకే రామక్క ఒక సంగతి కనిపెట్టింది. కండె అంటే పట్టుదారం చుట్టిన చిన్న గొట్టం. చీరలో రంగు మారినప్పుడల్లా, పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడెలో కండె మార్చాలి. ఆ రోజు ఆమె ఎర్రవీ ఆకుపచ్చవీ ఒకే పళ్ళెంలో కలగలిపి పెట్టింది. రాయుడు తడుముకోకుండా ఒకటి తీసుకుని, మిరపపండు రంగు చీరలో జానెడు మేర చిలకపచ్చ నేసేశాడు.

"ఏమిరా ఇది?"

"ఏమి?"

"రంగు చూడు."

"ఎరుపే కదక్కా."

"పచ్చ రా ఇది" అని ఆమె కండెను కిటికీ వెలుతురులో పట్టింది. రాయుడు దాన్ని చూసి అమాయకంగా నవ్వాడు. ఎగతాళి కాదది. పుల్లయ్య బజారుకు పోయి ఉండబట్టి ఇద్దరూ బతికిపోయారు. కూచుని ఆ నేతంతా విప్పేశారు.

"ఎర్రవి ఎడమ పక్క, పచ్చవి కుడి పక్క పెట్టాలక్కా. అమ్మ అట్లే పెడుతుండె. నువ్వు కలిపేస్తివి, నేను మాటల్లో పడి చూసుకోలేదు" అన్నాడు.

అతను నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. కండె ఏ పక్కనుంటే ఆ రంగు. లోకంలో అందరికీ రంగులు తెలిసేది ఇంతేనని అతని నమ్మకం. తల్లి ఆ సంగతి తెలిసి అట్లా పెట్టిందో, ఊరికే అలవాటుగా పెట్టిందో చెప్పడానికి ఆమె లేదు. రామక్క మాత్రం తెలిసే పెట్టింది. మర్నాటి నుంచి ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ. ఎవరితోనూ అనలేదు. ఆ ఇంట్లో తన చాప ఎక్కడ పరుచుకోవాలో ఆమెకు అప్పుడు తెలిసింది.

రాయుడికి విమానాల పిచ్చి. బెంగళూరులో ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని పుస్తకమొకటి అతని దగ్గరుండేది. చేతుల్లో నాడె ఆడుతుంటే నోట్లో విమానం ఎగిరేది.

"విమానం రెక్క ఉత్త పలక కాదక్కా. పైన ఉబ్బుంటాది. దానిమీద గాలి జోరుగా పోతాది, కింద నిదానంగా పోతాది. జోరుగా పొయ్యే గాలికి ఒత్తిడి తక్కువ. అందుకే రెక్క పైకి లేస్తాది" అని పట్టుగుడ్డ పీలికను కింది పెదవికి ఆనించి పైనుంచి ఊదేవాడు. వేలాడే పీలిక లేచి నిలబడేది.

"గుడ్డ లేసింది సరే, నువ్వెప్పుడు లేస్తావురా? ఇంకా కొంగు నెయ్యాల" అనేది రామక్క.

వీధి పొడవునా పడుగు చాచి పోగులు సరిచేసే పొద్దున వేళల్లో అందరికీ పాఠం చెప్పేవాడు. "దిక్సూచిలో తూర్పు తొంభై. ఒక సున్న తీసేస్తే తొమ్మిది. పడమర రెండు నూర్ల డెబ్భై, అంటే ఇరవై ఏడు. విమానాలు దిగే రన్‌వేకి పేరు ఇట్లే పెడతారు. మన వీధి తూర్పు పడమర గదా, మనది తొమ్మిది–ఇరవై ఏడు." రంగులద్దే ఖాజాసాబ్‌కు అది బాగా నచ్చింది. అద్దిన పట్టుదారం కట్టలు సైకిల్ మీద వేసుకుని వచ్చి, వీధి మొదట్లో గంట కొట్టి, "ఏమప్పా రాయుడూ, గాలి ఎట్లుండాది? దిగొచ్చునా?" అని అరిచేవాడు.

"పడమటి గాలి, ఖాజామామా! తూర్పు నుంచి రా. ఎదురుగాలికి దిగాల, ఎదురుగాలికి లెయ్యాల!"

"అయితే మళ్ళా తిరిగి రావల్నా? నా సైకిల్‌కు అంత పెట్రోలు లేదబ్బా!"

పెనుకొండ కొండ మీద మబ్బు లేస్తే పని ఆపి చూసేవాడు. "తల చూడక్కా, కమ్మరి ఇనుము కొట్టే దాకలి మాదిరి పరుచుకున్నాది. దాంట్లోకి ఎంత పెద్ద విమానమైనా పోకూడదు. లోపల గాలి ఒకపక్క పైకి గుంజితే ఇంకోపక్క కిందికి తోస్తాది. చుట్టు తిరిగైనా పోవాల."

ఒకనాడు పుస్తకం తిరగేస్తూ గట్టిగా నవ్వాడు. "అక్కా, ఇది విను! విమానానికి ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం. మన పళ్ళెం మాదిరే! చీకట్లో ఎర్రది ఎడమన, పచ్చది కుడిన కనపడితే విమానం మనకు వీపు పెట్టి పోతాంది. అదే తారుమారైతే, మన మీదికే వస్తాంది."

రామక్క చేతిలో రాట్నం ఆగింది. అతను గమనించలేదు.

వాయుసేనలో ఎయిర్‌మన్ ఎంపికకు బెంగళూరులో రాతపరీక్ష జరిగితే రాయుడు సులువుగా గట్టెక్కాడు. ఇక డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. అదే సమయానికి పెనుకొండలో ఒక బడివాళ్ళు సైన్సు అయ్యవారి పనికి పిలిచారు. వెంటనే వచ్చి చేరాలన్నారు. రాయుడు ఆలోచించకుండా వద్దని చెప్పేశాడు.

"కొడుకు గాల్లో తేలతాంటే నాకీ గుంత యాల? మగ్గం అమ్మేస్తా" అన్నాడు పుల్లయ్య. మీసం కింద నవ్వు దాచుకుంటూ కూతురి వైపు తిరిగాడు. "నువ్వు బట్టలు సర్దుకో. సవతి ఉంటే ఉండనీ. ఆమెకూ రెండు చేతులే, నీకూ రెండు చేతులే."

బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం రాయుడు చాప మీద కూచున్నాడు. "డాక్టర్లు రంగులు కూడా చూస్తారంట. నేతగానికి రంగుల పరీక్ష! అయినా ఒకసారి అడుగక్కా నన్ను."

రామక్క రెండు కండెలు తీసింది. ఎర్రది ఏ చేతిలో పట్టుకోవాలా అని ఒక్క క్షణం ఆగింది. చేతులు మార్చి పట్టుకుంటే చాలు, నిజం బయటపడుతుంది. ఇంకా మించిపోయింది లేదు, వాడు పెనుకొండకు పరిగెత్తి ఆ అయ్యవారి పని అడుక్కోవచ్చు. పెనుకొండకు పోయినా మగ్గం ఆగిపోతుంది, తనకు అగళి బస్సు తప్పదు. బెంగళూరుకు పోతే మాత్రం వాడు తప్పక వెనక్కి వస్తాడు. ఈ గుంతలోకే వస్తాడు.

ఆమె అతనికి ఎడమ పక్కన ఎర్రది పట్టింది, కుడి పక్కన ఆకుపచ్చది పట్టింది.

"ఎరుపు. ఆకుపచ్చ" అన్నాడు రాయుడు.

"అంతే" అంది రామక్క.

అతను వంగి అక్క కాళ్ళకు దండం పెట్టి, మర్నాడు బెంగళూరు రైలెక్కాడు.

తిరిగి వచ్చేసరికి వీధిలో పడుగు చాచి ఉంది. అందరూ అక్కడే ఉన్నారు. రాయుడికి అబద్ధం చెప్పడం చేతకాదు. తండ్రి అడిగితే అందరి ముందే చెప్పేశాడు.

"చీకటి గదిలో లాంతరు పెట్టినారు నాయనా. పక్కపక్కన రెండు దీపాలు. ఎడమది ఎరుపు, కుడిది ఆకుపచ్చ అంటి. మార్చినారు. మళ్ళా అదే అంటి. ఎన్నిసార్లు మార్చినా నేను అదే చెప్తాంటినంట. 'ఎదురుగా మీదికొచ్చే విమానాన్ని దూరంగా పోతాంది అనుకుంటావు నువ్వు, నీ ప్రాణం సరే, ఎక్కినోళ్ళది?' అని నవ్వినాడు డాక్టరు. పుట్టుకతో వచ్చిందంట. మందు లేదంట."

పుల్లయ్యకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మాడిపోయింది. ఆయన ఖాజాసాబ్ సైకిల్ మీదున్న దారం కట్టలు లాగి కొడుకు ముఖం ముందు ఆడించాడు.

"ఇదేం రంగు?"

రాయుడు చెప్పాడు. తప్పు.

"ఇది?"

అదీ తప్పే. ఎవరో కిసుక్కుమన్నారు. ఎదురింటి వెంకటరాముడు లోపలికి పోయి మిరపకాయలు రెండు తెచ్చాడు, ఒకటి పచ్చిది, ఒకటి పండుది. "చూస్తే తెలీదు గానీ తిని చెప్పప్పా, బి.ఎస్సీ.!" వీధంతా విరగబడి నవ్వింది. ఒద్దొద్దంటూ పక్కింటి సరోజమ్మ కూడా కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. పుల్లయ్య ఆపలేదు. "కొరుకు రా. కొరికి చెప్పు. నా పరువు ఎట్లాగూ కొరికితివి కదా" అన్నాడు.

రాయుడు కొరికాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "ఇది పండుది" అన్నాడు. అది పచ్చిది.

"ఏండ్ల తరబడి నేస్తివే! ఎట్ల నేస్తివి రా, దొంగనాయాలా?" అని పుల్లయ్య అరిచాడు.

రాయుడు నెమ్మదిగా తిరిగి గడపలో ఉన్న రామక్కను చూశాడు.

"నీకు తెలుసా అక్కా?"

పుల్లయ్య కూడా ఆమెనే చూస్తున్నాడు.

"నాకేం తెలుసు? నువ్వు అడిగింది అందిచ్చినా."

"నేను ఎన్నడూ అడగలేదే" అన్నాడు రాయుడు. "నువ్వు పెట్టింది తీసుకుంటి."

నోటిమంటకు పెదవులు వణుకుతున్నాయి. ఖాజాసాబ్ ఒక్కడే నవ్వకుండా కట్టలు మళ్ళీ సైకిల్‌కు కట్టుకున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు రాయుడు అడిగాడు. "పొయ్యే ముందు రోజు కండెలు పట్టుకోని ఒక క్షణం ఆగితివి. అప్పుడు చెప్పింటే నేను పెనుకొండకు పోయిందును. పిల్లోళ్ళకు పాఠం చెప్పేదానికి రంగులు అక్కర్లేదు."

"నువ్వు పోయింటే నేనేడికి పోవల్ల రా?" అంది రామక్క.

పెనుకొండ బడిలో అప్పటికే వేరే అయ్యవారు చేరిపోయాడు.

మర్నాడు రాయుడు మగ్గం గుంతలోకి దిగాడు. రామక్క అనుకున్నట్టే జరిగింది. అయితే అతను పళ్ళెం ముట్టలేదు. కండెలన్నీ ఒళ్ళో పోసుకుని సరోజమ్మను పిలిచి, ఒక్కొక్కటీ చూపించి అడిగి, ఎర్రదాని కొసకు ఒక ముడి, ఆకుపచ్చ దానికి రెండు ముళ్ళు దారంతో కట్టాడు. ఇక వేళ్ళతో తడిమి తీసుకోవడమే. కండెలు చుట్టడానికి సరోజమ్మ ఒప్పుకుంది. నేత ఒక్కచోట కూడా తప్పలేదు.

పుల్లయ్య కొన్నాళ్ళు చూశాడు. కొడుకు చేతులు కూడు పెడుతున్నంత వరకు కళ్ళతో ఆయనకు పని లేదు.

"ముళ్ళే చాలంట. ఇంకో నోరు యాల?" అన్నాడు కూతురితో. "శుక్రవారం పొద్దున్నే అగళి బస్సు."

రామక్క తమ్ముడి వైపు చూసింది. వాడొక మాట అంటే చాలు. వాడు నాడె విసురుతూనే ఉన్నాడు.

శుక్రవారం పొద్దున తండ్రీకొడుకులిద్దరూ స్నానాలకు పోయినప్పుడు రామక్క మగ్గం దగ్గర కూచుని ఒక్కొక్క ముడీ విప్పింది. కండెలన్నీ పళ్ళెంలో కలిపింది. తర్వాత పెట్టె పక్కన నిలబడింది. వాడు తడుముకుంటాడు. దొరకదు. సరోజమ్మ ఇంత పొద్దున్నే రాదు. "అక్కా" అని పిలవక తప్పదు. ఆ ఒక్క పిలుపు నాయన చెవిన పడాలి.

రాయుడు వచ్చి కూచున్నాడు. నేస్తూ రంగు మార్చే చోట చెయ్యి చాచాడు. వేళ్ళు ఒక కండెను తడిమాయి, ఇంకొకదాన్ని తడిమాయి, ఆగాయి. మగ్గం ఆగింది. అతను తల ఎత్తి అక్కను చూశాడు. ఏం జరిగిందో అతనికి తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది.

వీధి మొదట్లో సైకిల్ గంట మోగింది. ఇప్పుడెవరూ గాలి సంగతి అడగడం లేదు.

రాయుడు కిటికీలోంచి చెయ్యి బయటికి చాచాడు, చేతిలో కండె ఉంది.

"ఖాజామామా, ఇదేం రంగు?"

సైకిల్ ఆగింది. ఖాజాసాబ్ కిటికీలోంచి లోపలికి చూశాడు. పెట్టె పక్కన నిలబడ్డ రామక్క కనపడింది.

"మీయక్క ఆడనే ఉండాది గదప్పా?"

"నిన్ను అడుగుతాండా, మామా."

"...ఎర్రది" అన్నాడు ఖాజాసాబ్.

రాయుడు దానికొక ముడి వేశాడు. నాడె కదిలింది. బయట పుల్లయ్య చెప్పులు వేసుకుంటూ, "రామక్కా, బస్సుకు టైమయితాంది" అన్నాడు.