పాకం లేని చాక్లెట్

బెంగళూరు కె.ఆర్.పురంలో మా అత్తయ్య పేరు పాకం మరియమ్మ. క్రిస్మస్ వచ్చిందంటే చర్చివాళ్లు అరిసెల పొయ్యి దగ్గరికి ఆవిడనే పిలుస్తారు. మరిగే బెల్లాన్ని రెండు చుక్కలు నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "ఇంక దించండప్పా" అంటుంది. ఆ మాట ఎప్పుడూ తప్పలేదు.

కానీ పోయిన క్రిస్మస్‌కి సండేస్కూలు పిల్లలు ఆ అరిసెల్ని ఒక్క కొరుకు కొరికి వదిలేశారు. ప్లేట్లన్నీ ఆవిడే ఎత్తింది. ఏడాదంతా ఆ బాధ ఆవిణ్ణి వదల్లేదు. ఈసారి పిల్లలు తినేదే చేస్తానని టీచరమ్మకు మాటిచ్చేసి, ఇంటికొచ్చి నాతో చెప్పింది.

"నలభై మందికి చాక్లెట్ బిస్కెట్లు చేస్తా ఏంజెలూ. నువ్వు దోవ సూపిస్తే చాలు."

నేను ఆసుపత్రిలో నర్సుని. వారానికి ఒక్కరోజు సెలవు. అది కాస్తా బూడిదలో పోసిన పన్నీరైంది.

తెల్లవీ గులాబీవీ చాక్లెట్ బిళ్లలు మూడు ప్యాకెట్లు తెచ్చాను. పని చిన్నదే. అడుగు గిన్నెలో నీళ్లు కాగుతుంటే పై గిన్నెలో బిళ్లలు కరిగించాలి, అందులో బిస్కెట్లు ముంచి ఆరబెట్టాలి. చాక్లెట్‌కి మాత్రం నీటిచుక్క తగలకూడదు. ముందే చెప్పాను. ఆవిడ తలూపింది కూడా.

మొదటి ప్యాకెట్ వెన్నలా కరిగింది. బిస్కెట్ల డబ్బా తీయడానికి అటు తిరిగి ఇటు తిరిగేసరికి, ఆవిడ పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని అందులోకి చాక్లెట్ చుక్కలు వేస్తోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"పాకం సూస్తా ఉండానమ్మా."

ఆ తడి చెంచానే మళ్లీ చాక్లెట్‌లో పెట్టి కలిపింది. చూస్తుండగానే అది బిరుసెక్కి రవ్వలా ఉండలు కట్టింది. నూనె వేసి కలిపాను. ఇంకా అసహ్యంగా తయారైంది.

"దీనికి పాకం ఉండదత్తయ్యా. కరిగితే దించెయ్యడమే."

"పాకం సూడకుండా దించేది యాడన్నా ఉండాదా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండో ప్యాకెట్ కరుగుతుండగా మా ఆయన ఆశీష్ ఫోన్ చేశాడు. రెండు ముక్కలు మాట్లాడి వచ్చేలోగా తడివేలు గిన్నెలో పడింది.

"అలవాటమ్మా, సెయ్యి దానంతట అదే పోయింది."

ఒళ్లు మండిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా చెప్పడం. మిగిలింది ఒక్క ప్యాకెట్. అదీ పోతే పొద్దున చర్చికి ఒట్టి చేతులతో వెళ్లాలి.

"మీరు వెళ్లి హాల్లో కూర్చోండి. దయచేసి దేన్నీ ముట్టుకోకండి!"

అనుకున్నదానికన్నా గట్టిగానే అరిచాను. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని వెళ్లిపోయింది. నేను తలుపు దగ్గరికి వేసుకుని ఉన్న ఒక్క ప్యాకెట్టే సరిపోయేలా ఒక పక్కకే ముంచుతూ గంటలో నలభై బిస్కెట్లూ పూర్తిచేశాను. అన్నీ నున్నగా మెరిశాయి. గొప్పగా తీసుకెళ్లి చూపించాను.

"బాగుండాయి" అంది.

మర్నాడు చర్చిలో పిల్లలు బిస్కెట్ల మీద ఎగబడ్డారు. ఒక్క ప్లేట్లోనూ ముక్క మిగల్లేదు. మూతి నిండా గులాబీ రంగు పూసుకున్న ఓ చిన్నపిల్ల వచ్చి మా అత్తయ్య కొంగు పట్టుకుంది.

"అజ్జీ, నువ్వే చేసినావా? ఇంకోటి ఉండాదా?"

ఏడాదిగా ఆవిడ ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. అవును, ఈ అవ్వే చేసిందని నేను నోరు తెరిచేలోపే ఆవిడ వంగి ఆ పిల్ల మూతి తుడిచింది.

"లేదు బంగారూ, మా కోడలు చేసింది. నేను హాల్లో కూచోనుంటి."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నేను తట్టుకునేదాన్ని.

ముందురోజు ఆవిడ చేతికి పొడి తువ్వాలు ఒకటిచ్చి, నేను కరిగిస్తాను, మీరు ముంచండి అంటే సరిపోయేది. ఆ కోపంలో నాకు అంతమాత్రం తోచలేదు.