పెట్టనా అని అడిగిన తర్వాతే

నేను ఒక స్టెతస్కోపుని. మనుషుల గుండెల దగ్గర నాకున్నంత చనువు ఇంకెవరికీ లేదు. విన్నదేదీ ఇన్నాళ్లూ పైకి అనలేదు. ఇవాళ ఒక్క గుండె సంగతి చెబుతాను.

ఏదో కార్ఖానాలో ఇత్తడి బిళ్లకు రబ్బరు గొట్టాలు తొడిగి నన్ను తయారుచేశారు. మొదట నన్ను కొన్నది కాకినాడలో ఒక పెద్ద డాక్టరుగారు. ఆయన పెళ్లిళ్లకు కూడా నన్ను మెడలో వేసుకునే వెళ్లేవారు. విందులో ఆయన పట్టుకండువా కన్నా నాకే మర్యాద ఎక్కువ. వేలాడటమే నా ఉద్యోగం కాబోలనుకుంటూ ఉండగా, ఆయన ప్రాక్టీసు మానుకుంటూ నన్ను తన శిష్యురాలు పుష్పరాణికి ఇచ్చేశారు.

పుష్పరాణి పిల్లల డాక్టరు. నన్ను ముందు అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచేది. "పెట్టనా బంగారం?" అని అడిగేది. బిడ్డ ఊఁ అంటేనే ఛాతీ మీద పెట్టేది. మొండికేస్తే నా గొట్టాలు ఆ బిడ్డ చెవుల్లోనే పెట్టి, వాడి గుండె వాడికే వినిపించేది. వెళ్లేటప్పుడు సీసాలోంచి ఒక పిప్పరమెంటు చేతిలో పెట్టేది. ఇంత ఆలస్యమా అని బయట కూర్చున్న పెద్దవాళ్లు సణిగేవారు. పాపం, వాళ్లకు పిప్పరమెంటు లేదు కదా!

ఒక ఏడాది మెడికల్ కాలేజీవాళ్లు వచ్చారు. నాజీల శిబిరాల్లో పిల్లల మీద జరిగిన వైద్య ప్రయోగాల గురించి కొత్త విద్యార్థులకు చెప్పమన్నారు. ఆవిడ ఒప్పుకుని పుస్తకాలు తెప్పించుకుంది. రోగులు వెళ్లిపోయాక, నేను మెడలో ఉండగానే చదివేది. నా బిళ్ల ఆవిడ గుండెకు ఆనుకుని ఉండేది కాబట్టి ఏ పేజీ దగ్గర అది ఎలా కొట్టుకుందో నాకు తెలుసు. కవల పిల్లల్ని ఏరి పక్కన పెట్టడం, ఒళ్లంతా కొలవడం, కావాలని రోగాలు ఎక్కించి చూడటం, అన్నీ పళ్లబిగువున చదివింది. బతికి బయటపడిన ఒకామె చెప్పిన చిన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ ప్రయోగాలు చేసిన డాక్టరే తమకు మిఠాయిలు పెట్టేవాడట.

పక్క పేజీలో తెల్లకోటు మనిషి ఫొటో ఉంది. అతని మెడలో నాలాంటిదే. నాకు సిగ్గేసింది.

మర్నాడు పిప్పరమెంటు సీసా బల్ల కిందకు పోయింది. ఆవిడ పిల్లల్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకునేది. "నా చేతులు చూస్తే నాకే భయమేస్తోంది సుగుణా. ప్రాక్టీసు మానేస్తాను," అని నర్సుతో అంది.

ఆ వారమే సముద్రపు ఒడ్డు పేట నుంచి సత్తెవతి కవల కూతుళ్లను తీసుకొచ్చింది. రత్నం, మాణిక్యం. ఎప్పుడూ వచ్చే పిల్లలే. మాణిక్యానికి జ్వరం, దగ్గు. అచ్చు ఒకేలా ఉన్న ఆ రెండు ముఖాలు చూసి పుష్పరాణి బిగుసుకుపోయింది. నన్ను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టేసింది.

"ఏటండి డాక్టరమ్మగారూ, అలా సూత్తన్నారు? పెద్ద జబ్బేటండి?" అని సత్తెవతి అడిగింది.

ఈలోగా రత్నం నన్ను లాక్కుంది. గొట్టాలు చెవుల్లో పెట్టుకుని, బిళ్లను గుప్పిట్లో పట్టి వెచ్చబరిచింది.

"సల్లగుంటాదే, ఆగు. పెట్టనా?" అని చెల్లెల్ని అడిగింది.

మాణిక్యం కాస్త ఆలోచించి "ఊఁ" అంది. అప్పుడు పెట్టింది.

పుష్పరాణి పిల్లల ముందే ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుని మాణిక్యం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. "సూది మందు వెయ్యాలమ్మా. నొప్పి పుడుతుంది, అబద్ధం చెప్పను. వెయ్యనా?"

"పిప్పరమెంటు ఏదండి?" అంది మాణిక్యం.

సీసా మళ్లీ బల్ల మీదకు వచ్చింది.

కాలేజీలో ఆవిడ ఏదీ దాచలేదు. మిఠాయిల సంగతి కూడా చెప్పి, "వాళ్లూ మనలా చదువుకున్న డాక్టర్లే," అంది. ఎన్నో గుండెలు విన్నాను కానీ అంత ధైర్యమైనది ఇంకోటి వినలేదు.

ఇప్పుడు నా రబ్బరు బిరుసెక్కింది. ఆవిడ కొత్తది కొనుక్కున్నా నన్ను పారెయ్యలేదు. పిల్లలు కూర్చునే చోట, వాళ్లకు అందే ఎత్తులో మేకుకు తగిలించింది. లాగుతారు, కొరుకుతారు, ఒకరి గుండె ఒకరు వినాలని కొట్టుకుంటారు. ఆ శిబిరాల్లో పిల్లల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అందుకే ఇక్కడ ఒక బిడ్డ నన్ను పట్టుకుని "పెట్టనా?" అంటే, అవతలి బిడ్డ "ఊఁ" అనేదాకా నేనూ ఊపిరి బిగబట్టి ఆగుతాను.